చల్లబడ్డ వేళ్ళు

“ఆగిపోనావేటిరా? సదువు.”

చేటలో బియ్యం చేటలోనే ఉంచి దాలమ్మ పెద్దకొడుకు వైపు చూసింది.

జగన్నాధం చదవలేదు. మధ్యాహ్నం పోస్టుమాను సంతకం పెట్టించుకుని ఇచ్చి వెళ్ళిన పొడుగాటి కవరు అతని ఒళ్ళో ఉంది. అందులోని మూడు కాగితాల్లో రెండు చదవడం అయింది. అంతా ఇంగ్లీషు. ఒక్కొక్క వాక్యమే తనలో చదువుకుని, కూడదీసుకుని, తెలుగులో చెబుతూ వస్తున్నాడు. మూడో కాగితం మొదట్లో అతని వేలు ఆగిపోయింది.

ఆ వేలు ఎక్కడ ఆగిందో వంటింటి గడపలో నిలబడ్డ అతని భార్య పద్మకుమారికి కాగితం చూడకుండానే తెలుసు. మూడు వారాల కిందట మావగారు విజయనగరం ప్లీడరు చేత డాక్టరు నగరేశ్వరరావుగారికి నోటీసు ఇప్పించారు. అప్పుడామె పంపమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఆ రోజు నుంచీ ఈ ఘడియ కోసమే భయపడుతూ ఉంది.

“డాక్టరు ఏటి రాసినాడ్రా? తప్పు ఒప్పుకున్నాడా, నేదా?” నరసింగరావు చుట్ట కింద పెట్టి అడిగాడు.

“ఒప్పుకోనేదు నానా.”

“ఒప్పుకోడని నాకు తెలుసు. ఏటంతన్నాడో సెప్పు.”

జగన్నాధం గొంతు సవరించుకున్నాడు. “మనోడి సేతికి ఏసిన ప్లాస్టరు సరిగ్గానే ఉందట. మంగళారం సాయంత్రం, బుధారం పొద్దుగాల, బుధారం సాయంత్రం, మూడుసార్లు సూసినా ఏళ్ళు ఎచ్చగానే ఉన్నాయట. కదిపినాడట. నొప్పి కూడా కొద్దిగానే ఉన్నాదట. ఆ తరవాత మనమే ఎవులికీ తెలీకుండా పసరు మందోణ్ణి తీసికెళ్ళి, ప్లాస్టరు తడిపించి, సెయ్యి పాడు సేసుకున్నామట.”

“ఓలమ్మో!” దాలమ్మ చేట విసిరినంత పని చేసింది. “మేఁవా? సొంత కొడుకు సెయ్యి మేఁవు పాడుసేసుకున్నాఁవా? ఆడి నోట్లో మన్ను పడ!”

గోడకి ఆనుకుని చిన్నకొడుకు రాముడు కూర్చుని ఉన్నాడు. ఇరవైరెండేళ్ళవాడు. చొక్కా కుడిచెయ్యి మోచేతి పైన ముడివేసి ఉంది. మే నెలలో ఎరువు బండి మీంచి పడి ముంజేతి ఎముకలు రెండూ విరిగాయి. సోమవారం ప్లాస్టరు వేశారు. శుక్రవారానికి చెయ్యే లేదు. ఆ మధ్య మూడు రోజుల్లో ఏం జరిగిందన్నదే ఇప్పుడు తగువు.

“మాటలకేటి, ఎన్నయినా సెప్తాడు,” అన్నాడు నరసింగరావు. “దానికి రుజువేటంట?”

“ఆస్పత్రి రికార్డు ఉందట.”

“ఎవులు రాసినారు ఆ రికార్డు?”

జగన్నాధం కాగితం మడిచాడు. మడిచి మళ్ళీ విప్పాడు. తండ్రి వైపు కాకుండా గడప వైపు చూస్తూ చెప్పాడు.

“రాసింది పేషెంటు సొంత వదినే అంతన్నాడు. వార్డు నర్సు పద్మకుమారి. కింద సంతకం కూడా ఉన్నాదట.”

దూరంగా నెల్లిమర్ల మిల్లు సైరను మోగింది. రోజూ ఆ కూతకి లేచి షిఫ్టుకి వెళ్ళిపోయే జగన్నాధం ఈరోజు కదల్లేదు.

ముందుగా తేరుకున్నది దాలమ్మే. తేరుకుని నవ్వింది.

“సూసినారా ఆడి తెలివి! మా ఇంటి మనిసినే మా మీదకి తోస్తన్నాడు. నా కోడలు అలగ రాస్తాదేటి? ఆ మూడు రోజులూ దానికి తిండీ నిద్రా నేవు. ఒసే పద్మా, ఇలా రాయే. అది అబద్దమని సెప్పు. ప్లీడరుకి అదే మాట సెప్పీవొచ్చు.”

పద్మకుమారి గడప దాటి రాలేదు. అత్త ముఖంలోకి చూడలేక చేటలోని బియ్యం వైపు చూసింది.

“సెప్పవేటే?”

“రాసింది నేనే అత్తా.”

దాలమ్మ నవ్వు ముఖం మీదే నిలిచిపోయింది. అది ఏడుపుగా మారడానికి కొంతసేపు పట్టింది.

రాముడు తలెత్తాడు. “వదినా, మంగళారం సాయంత్రం నా ఏళ్ళు పట్టుకుని సూసినావు. మంచులాగున్నాయి రాముడూ అన్నావు. గోళ్ళు నొక్కి సూసి, పరిగెట్టుకెళ్ళి ఫోను సేసినావు. నొప్పికి నాకు కన్ను మూతపడనేదు, అన్నీ సూసినాను. మరి ఎచ్చగున్నాయని ఏల రాసినావు?”

“ముందు అలా రాయలేదు. ఉన్నదే రాశాను.”

“తరవాత?”

పద్మ చూపు అతని చొక్కా చేతి ముడి మీదికి పోయింది. రాముడు ఎడమచెయ్యి నేల మీద ఆనించి, కాస్త తూలి, లేచి నిలబడ్డాడు. పట్టుకోబోయిన అన్నని తోసేసి బయటికి వెళ్ళిపోయాడు.

ఆ పొద్దు ఇంట్లో అన్నం వండారన్న పేరే గాని ఎవరూ తిన్నది లేదు. ఎడమచేత్తో తినడం రాముడికి ఇంకా సరిగ్గా అలవాటు కాలేదు. నాలుగు నెలలుగా పూటపూటా పద్మే అన్నం కలిపి ముద్దలు చేసి కంచంలో పెట్టి ఇస్తుంది. సాయంత్రం అలాగే కలిపి తెచ్చింది. అతను కంచం ముట్టుకోలేదు.

“అమ్మ కలుపుతాది,” అన్నాడు.

పద్మ ఆ కంచం లోపలికి తీసుకుపోయింది. వెనక నుంచి దాలమ్మ గొంతు వినబడింది, తనలో తను అనుకుంటున్నట్టుగా. “ఇంట్లో మనిసి నర్సని, కళ్ళు మూసుకుని ఆ ఆస్పత్రికి తీసికెళ్ళినాను. నానే తీసికెళ్ళినాను.”

*

ఆదివారం పొద్దున్న పెరట్లో బట్టలు ఆరేస్తున్న పద్మ దగ్గరికి జగన్నాధం వచ్చాడు. రాత్రంతా ఆమెతో మాట్లాడలేదు. ఇప్పుడు తాడు మీది తడిచీరకి అటుపక్క నిలబడి, ముఖం కనబడకుండా అడిగాడు.

“నాతో కూడా ఏల సెప్పనేదు?”

“చెబితే నువ్వు ఊరుకోవు బావా.”

“ఊరుకోను. మరి?”

“ఆయన నన్ను బెదిరించలేదు,” అంది పద్మ. “బెదిరించి ఉంటే రాయకపోదునేమో.”

అప్పుడు చెప్పింది. నాలుగు నెలలుగా మింగుతూ వచ్చిందంతా ఒక్క వరసన కాకుండా, ముందూ వెనకా అవుతూ చెప్పింది.

మంగళవారం సాయంత్రం ఆరింటికి రాముడి వేళ్ళు నీలంగా ఉన్నాయి. గుండుసూదితో గుచ్చినా తెలియడం లేదన్నాడు. అది కేసు షీటులో రాసింది. డాక్టరుగారి ఇంటికి ఫోను చేసింది. ఆయన ఇంటినిండా చుట్టాలున్నారు, మాటలూ నవ్వులూ ఫోనులో వినిపిస్తూనే ఉన్నాయి. “చెయ్యి ఎత్తుగా పెట్టి నొప్పికి ఇంజెక్షను ఇవ్వమ్మా, పొద్దున్న చూస్తాను,” అన్నారు. బుధవారం పొద్దున్న రౌండ్సులో ఆయన మంచం పక్కనే నిలబడితే మళ్ళీ చెప్పింది. ఆయన వేళ్ళ వైపు చూశారు, పట్టుకుని చూడలేదు. “వాపుంటుంది, తగ్గిపోతుంది,” అని పక్క మంచానికి వెళ్ళిపోయారు. గురువారం మధ్యాహ్నానికి వేళ్ళు నల్లబడ్డాయి. అప్పుడు కంగారుపడి ప్లాస్టరు కోయించి, తన సొంత కారులో విశాఖపట్నం పంపించారు.

“ఆ సాయంత్రం నన్ను గదిలోకి పిలిచారు. కేసు షీటు మీద సిరా ఒలికిందమ్మా, శుభ్రంగా తిరగరాయి అన్నారు. ఆయన చెబుతుంటే నేను రాశాను. వేళ్ళు అన్నచోట, వెచ్చగా ఉన్నాయని రాయి అన్నారు. నేను కలం ఎత్తేశాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, ఎంతో అలిసిపోయిన మనిషిలా, ‘ఈ ఒక్కసారికి తల్లీ, నీ మరిదికి ఏమీ కాదు’ అన్నారు. అప్పటికి చెయ్యి పోలేదు బావా. విశాఖపట్నంలో బాగుచేస్తారనే అనుకున్నాను. మా నాన్న పోయాక నన్ను చేరదీసి నర్సు ట్రైనింగుకి పంపిన మనిషి. ఆయన అడిగితే నేనెప్పుడూ కాదనలేదు.”

“ఆ ముందు రాసిన కాగితం?”

“ఆయన దగ్గరే ఉండిపోయింది. ఉంచారో చింపారో తెలీదు.”

జగన్నాధం చీర పక్కకి లాగి దగ్గరికొచ్చాడు. కోపం ముఖంలో లేదు. భయం ఉంది.

“ఈ మాట ఇంకెవులికీ సెప్పకు. ప్లీడరుకీ సెప్పకు. దొంగ రికార్డు రాసినాదని నిన్ను జైల్లో ఏస్తారు. కేసూ వద్దు, ఏటీ వద్దు. ఆడి సెయ్యి ఎలాగా రాదు. నువ్వు కూడా పోతే ఈ ఇంటికి ఏటి మిగుల్తాది?”

“రాముడికి ఏమని చెప్పమంటావు?”

“నానే సెప్తాను.”

“ఏటని సెప్తావు?” ఆ మాట జగన్నాధం వెనక నుంచి వచ్చింది. నరసింగరావు నూతి గట్టు దగ్గర చెంబు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పటి నుంచి ఉన్నాడో.

జగన్నాధం పక్కకి తప్పుకున్నాడు.

ముసలాయన కోడలి దగ్గరికి వచ్చాడు. గట్టిగా మాట్లాడలేదు. “అమ్మా, నువ్వు సేసింది సిన్న తప్పు కాదు. కడుపులో ఎట్టుకుని మా మజ్జిని తిరగడం ఇంకా పెద్ద తప్పు. రేపు నువ్వూ నానూ ప్లీడరు దగ్గరికి ఎల్దుము. ఇప్పుడు ఈడికి సెప్పినావే, అదంతా ఆయనకీ సెప్పు. సెప్పలేనంటావా, ఇప్పుడే సెప్పీ. నాను ఒక్కణ్ణీ ఎల్లి నోటీసు ఎనక్కి తీసీసుకుని వస్తాను.”

పద్మ తడిచేతులు కొంగుకి తుడుచుకుంది.

“వస్తాను మావా,” అంది.

*

ప్లీడరు నారాయణమూర్తి విజయనగరంలో తన ఇంటి ముందుగదినే ఆఫీసు చేసుకున్నాడు. పద్మ చెబుతున్నంతసేపూ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. అయిపోయాక లేచి వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చున్నాడు.

“చూడమ్మా, దాచిపెట్టి లాభం లేదు గనక చెబుతున్నాను. ఆ తిరగరాసిన కాగితం నిజమని నువ్వు కోర్టులో అంటే మీ మరిది దావా అక్కడితో సరి. అబద్ధమని అంటే, అబద్ధం రాసినదానివి నువ్వే. ఉద్యోగం పోతుంది. నర్సుగా ఇంకెక్కడా పనిచెయ్యనివ్వకపోవచ్చు. నీ మీద వేరే కేసు పెట్టినా పెట్టొచ్చు.”

“తెలుసండి.”

“అంతా పోగొట్టుకుని నిజం చెప్పినా, జడ్జిగారు నమ్మి తీరాలని లేదు. మరిది కోసం ఇప్పుడు మాట మార్చిందంటారు అవతలివాళ్ళు. నీ నోటిమాట తప్ప, ఆ రోజు రాసిన ముక్క ఇంకేదైనా ఉందా?”

నరసింగరావు కోడలి వైపే చూస్తున్నాడు.

“రిపోర్టు బుక్కు ఉందండి,” అంది చివరికి. “డ్యూటీ దిగే నర్సు, ఎక్కే నర్సుకి ఏ మంచం మనిషి ఎలా ఉన్నాడో రాసి అప్పగిస్తుంది. అందులోనూ రాశాను. వేళ్ళ సంగతీ, ఫోను సంగతీ, మర్నాడు రౌండ్సులో చెప్పిన సంగతీ. అది నర్సుల పుస్తకం. డాక్టరుగారు ఎప్పుడూ తెరిచి చూడరు.”

ప్లీడరు కుర్చీలో ముందుకి జరిగాడు. “అది ఇప్పుడు ఎక్కడుంది?”

“నర్సుల గదిలో బీరువా కింది అరలో ఉండాలండి.”

“ఉండాలి కాదు. ఉందో లేదో చూసి నాకు చెప్పు. కోర్టు ఆర్డరుతో తెప్పిస్తాను. కాని ఒక్కమాట, బాగా విను. దాన్ని నువ్వు ముట్టుకోవద్దు. ఇంటికి తేవద్దు. ఈ పరిస్థితిలో ఆ పుస్తకం మీద నీ చెయ్యి పడిందా, మనకి పనికొచ్చే కాగితం కాస్తా వాళ్ళకి పనికొస్తుంది.”

వీధిలోకి వచ్చాక నరసింగరావు ఆగాడు. పద్మ డ్యూటీ మధ్యాహ్నం రెండింటికి. ఆసుపత్రి అక్కడికి దగ్గరే.

“బయమేస్తన్నాదా అమ్మా?”

“వేస్తోంది మావా.”

కోడలు వీధి మలుపు తిరిగేదాకా ఆయన అక్కడే ఎండలో నిలబడ్డాడు.

*

నోటీసు వెళ్ళినప్పటి నుంచీ ఆసుపత్రిలో పద్మతో ఎవరూ పనిమాట తప్ప మాట్లాడటం లేదు. మగవాళ్ళ వార్డులో పన్నెండు మంచాలు. అన్నీ ఓసారి తిరిగింది. మూడో మంచం మీద జోగయ్యని పలకరించింది. భావనపాడులో పడవ ఒడ్డుకి లాగుతూ తొడ ఎముక విరగ్గొట్టుకున్న ముసలాయన. ఎవరు చెప్పగా విన్నాడో గాని, కొడుకులు ఇంతదూరం తీసుకొచ్చి ఈ డాక్టరుకే చూపించాలని పట్టుబట్టాడట.

“నొప్పి ఎలా ఉంది తాతా?”

“ఉన్నాదమ్మా. అదెక్కడికి పోతాది?”

ఆ తరవాత నర్సుల గదిలోకి వెళ్ళి బీరువా తెరిచింది. కింది అర ఖాళీగా ఉంది.

కింది అరే కాదు, దాని పైదీ ఖాళీయే. పద్మ అరలోకి చెయ్యి పెట్టి తడిమింది. దుమ్ము తప్ప ఏమీ లేదు.

“పాత పుస్తకాల కోసమేటమ్మా?” ఆయా గురమ్మ గుమ్మంలోంచి అడిగింది. “పొద్దుగాల తీయించీసినారు. డాక్టరుబాబే సెప్పినారట. ఎనక వరండాలో కట్టలు కట్టీసి ఉన్నాయి. సాయంత్రం పాత కాగితాలోడు వస్తాడట.”

“ఎప్పుడూ లేనిది ఇవాళెందుకు తీయించారు?”

“నాకేటి తెలుస్తాది తల్లీ?”

వెనక వరండాలో మూడు కట్టలు, గోనెతాడుతో బిగించి కట్టినవి. పద్మ వాటి ముందు నిలబడింది. ముట్టుకోవద్దన్న ప్లీడరు మాట చెవిలోనే ఉంది. సాయంత్రానికి ఇవి ఉండవు. కోర్టు ఆర్డరు ఎప్పటికి వస్తుంది? నెలకా, ఆర్నెల్లకా? అప్పటికి ఈ కాగితాల్లో కొట్లవాళ్ళు బెల్లమో చింతపండో పొట్లాలు కట్టేసి ఉంటారు.

ఎవరితోనైనా చెప్పి సలహా అడిగే వ్యవధి లేదు. మావగారు ఈపాటికి బస్సెక్కేసి ఉంటారు.

ఆమె కూర్చుంది. మొదటి కట్ట అట్టల మీద నెలలు చూసింది, అవి పాతవి. రెండో కట్టలో మధ్యన ఆకుపచ్చ అట్ట కనబడింది. ముడి చేత్తో రాలేదు. పళ్ళతో లాగింది. తాడు వదులయ్యాక పుస్తకం జారి చేతిలోకొచ్చింది. మే నెల, అరవై ఎనిమిది. గబగబా పేజీలు తిప్పింది.

ఉంది. తన రాత. ఎక్కడా కొట్టివేత లేదు. ఆ రోజు కంగారులో ఒత్తి రాసిన అక్షరాలు వెనక పేజీ మీదికి కూడా దిగాయి.

దాన్ని మళ్ళీ బీరువాలో పెట్టి తాళం వెయ్యాలనే ఆమె అనుకుంది. అంతకన్నా ఇంకేమీ అనుకోలేదు. పుస్తకం గుండెలకి ఆనించుకుని వార్డులోంచి నడుస్తుంటే ఎదురుగా గుమ్మంలో డాక్టరు నగరేశ్వరరావు నిలబడి ఉన్నారు.

“ఏమిటమ్మా అది?”

ఎప్పటి గొంతే. మెత్తగా, తండ్రి పిలిచినట్టుగా.

“వార్డు రిపోర్టు బుక్కండి.”

“పాతవన్నీ తీసెయ్యమన్నానే.”

“ఇది పాతది కాదండి. ఈ ఏడాదిదే. మే నెలది.”

డాక్టరు ముఖంలో ఏమీ మారలేదు. చెయ్యి చాపారు. “ఇలా ఇవ్వు.”

పుస్తకం ఆసుపత్రిది. ఆసుపత్రి ఆయనది. అడిగితే ఇవ్వకపోవడానికి పద్మకి ఏ హక్కూ లేదు. ఇస్తే ఇక ఈ పుస్తకం ఎవరి కంటా పడదు. ఆయన చెయ్యి అలాగే చాపి ఉంది. ఇదే చెయ్యి నాలుగు నెలల కిందట తన ముందు తెల్లకాగితం పెట్టింది. అప్పుడు తను చివరికి రాసి ఇచ్చేసింది.

“ఇస్తానండి,” అంది. “ఓసారి చదివి ఇస్తాను. గురమ్మా, ఇలా రా.”

చీపురు పట్టుకుని గురమ్మ వచ్చింది. పద్మ పేజీ తీసింది. ఇంగ్లీషులో తను రాసుకున్న ముక్కలు తెలుగు చేస్తూ, చివరి మంచానికి వినబడేలా చదివింది.

“మంగళవారం సాయంత్రం ఆరు గంటలు. ఏడో మంచం, రాముడు. వేళ్ళు చల్లగా, నీలంగా ఉన్నాయి. స్పర్శ లేదు. విపరీతమైన నొప్పి. ఆరూ పదికి డాక్టరుగారికి ఫోను చేయడమైనది. చెయ్యి ఎత్తుగా పెట్టమన్నారు. పొద్దున్న చూస్తానన్నారు.” ఊపిరి తీసుకుంది. “బుధవారం పొద్దున్న, రౌండ్సు. వేళ్ళ సంగతి మళ్ళీ చెప్పడమైనది. ప్లాస్టరు అలాగే ఉంచమన్నారు.”

ఏడో మంచం మీద ఇప్పుడున్న కుర్రాడు దుప్పటిలోంచి చెయ్యి తీసి తన వేళ్ళు చూసుకున్నాడు.

డాక్టరు ఆమెని ఆపలేదు. చదవడం అయ్యాక నెమ్మదిగా అడిగారు. “ఇది ఎప్పుడు రాశావు?”

ఆ ప్రశ్న ఎందుకో పద్మకి అప్పుడు అర్థం కాలేదు. “అప్పుడేనండి. ఆ రోజుల్లోనే.”

“అలాగా.” ఆయన రెండడుగులు దగ్గరికొచ్చారు. “నిన్ను ట్రైనింగుకి పంపిందెవరు పద్మా?”

“మీరేనండి. జన్మలో మరిచిపోను.” ఆమె పుస్తకం మూసింది. “ప్లాస్టరు కింద వేళ్ళు చల్లబడితే వెంటనే ప్లాస్టరు చీల్చాలని నాకు నేర్పిందీ అక్కడేనండి.”

ఆ ముఖంలో మొదటిసారి ఏదో కదిలింది. కళ్ళజోడు సర్దుకున్నారు. పక్కకి చూశారు. ఒక్క క్షణం, ఆ గురువారం సాయంత్రం బల్ల ముందు కూర్చున్న అలిసిపోయిన మనిషే మళ్ళీ కనిపించారు. ఆయన ఏదైనా ఒక్క మంచిమాట అంటారేమోనని పద్మ ఎదురుచూసింది. ఆ మాట కోసం తను నాలుగు నెలలుగా ఎదురుచూస్తోందని కూడా అప్పుడే తెలిసింది.

“పుస్తకం,” అన్నారు డాక్టరు.

“అందుకున్నట్టు రాసి సంతకం పెట్టండి. పేజీ నంబరు కూడా వెయ్యండి. ఇచ్చేస్తాను.”

రోగులూ, తోడున్నవాళ్ళూ, ఇరవైమంది చూస్తున్నారు. ఆయన కాదనలేదు. పైజేబులోంచి మందుల చీటీల పుస్తకం తీసి, జోగయ్య మంచం పక్కనున్న స్టూలు మీద పెట్టుకుని, వంగి రాశారు. నాలుగు లైన్లు. సంతకం, తేదీ, టైము. చీటీ చింపి ఇచ్చి, పుస్తకం అందుకుని, తన గది వైపు నడిచారు.

పద్మ చీటీ చదివింది. ఒకసారి చదివితే బోధపడలేదు. రెండోసారి చదివేసరికి మంచం కోడు పట్టుకుంది.

“ఏటి రాసినారమ్మా?” అంది గురమ్మ.

పద్మ చీటీలోంచి తలెత్తి డాక్టరు వెళ్ళే వైపు చూసింది.

“అమ్మా, ఏటి రాసినారు?”

“డాక్టరుగారూ, ఆగండి!”

ఆయన ఆగారు. వెనక్కి తిరగలేదు.

పద్మ చీటీ పైకెత్తింది. ఇందాక పుస్తకం చదివినట్టే, ఒక్కొక్క మాటే తెలుగు చేసి, అందరికీ వినబడేలా చదివింది.

“ఈ రోజు మధ్యాహ్నం మూడుంపావుకి, మగవాళ్ళ వార్డులో, నర్సు పద్మకుమారి రిపోర్టు బుక్కులో పాత తేదీలు వేసి కొత్తగా రాస్తూ ఉండగా నేను స్వయంగా పట్టుకుని, సదరు పుస్తకాన్ని స్వాధీనం చేసుకున్నాను.”

గురమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

మూడో మంచం కిర్రుమంది. జోగయ్య రెండు మోచేతుల మీదా ఆనుకుని, పళ్ళు బిగపట్టి, సగం లేచి కూర్చున్నాడు.

“అమ్మా,” అన్నాడు, “ఇందాకటి నుంచి నాను సూస్తనే ఉన్నాను. నువ్వు కలం ముట్టుకోనేదు. నాకు సంతకం రాదు. ఆ సీటీ ఎనకాల, అది అబద్దమని రాయి. ఏలిముద్ర ఏస్తాను.”

ఎడమచేతి బొటనవేలు ముందుకి చాపాడు.

డాక్టరు అప్పుడు వెనక్కి తిరిగారు. పద్మని చూడలేదు. జోగయ్య కాలు వైపు చూసి, ఎప్పటిలాగే మెత్తగా అడిగారు.

“జోగయ్యా, రేపు పొద్దున్న నీకు ఆపరేషను. గుర్తుంది కదూ?”